ఆల్ఫా కై సిగ్మాలో చేరదలచిన వారికి

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలో కెమిస్ట్రీ చదువుతున్న మన విద్యార్థులు కొందరు కెమిస్ట్రీ రంగంవారి సంఘమైన ఆల్ఫా కై సిగ్మా గురించి అడుగుతున్నందున ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. 1902లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ప్రారంభమై, 1970 నుంచి మహిళలకూ ప్రవేశం కల్పించిన ఈ సంఘం, విందు వినోదాలకే పరిమితమైన విద్యార్థి బృందం కాదు. నోబెల్ పొందిన రసాయన శాస్త్రవేత్తలు లైనస్ పాలింగ్, గ్లెన్ సీబోర్గ్ వంటివారు ఇందులో సభ్యులుగా ఉండేవారు. కెమిస్ట్రీ మాత్రమే కాక, దానికి దగ్గరి శాస్త్రాలు చదివేవారికీ అవకాశం ఉంటుంది. బడిపిల్లల ఎదుట ద్రవ నైట్రోజన్‌తో ఐస్‌క్రీమ్ చేసి చూపడం వంటి ప్రదర్శనలకు సాయంత్రాలు కేటాయించగలిగితేనే చేరండి. కేవలం రెజ్యూమేలో ఒక వరుస కోసమైతే, నా దృష్టిలో, చేరిక రుసుము దండగ. రుసుము ఎంతో, చేరికకు ముందు శిక్షణ ఎన్ని వారాలో మీ క్యాంపస్ శాఖనే అడిగి, పరీక్షల తేదీలు చూసుకుని నిర్ణయించుకోగలరు.