మీరు ఒక్క ఆపరేషన్ కూడా చేయనందుకు థ్యాంక్స్

అందరికీ నమస్కారం. మా కంటి ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి సొంత సెలవులు వాడుకుని వచ్చిన వాలంటీర్ల బృందం తిరిగి వెళ్ళిపోయింది. వీడ్కోలు రోజున నా చేతికి మైకు ఇచ్చారు గానీ నోరు పెగల్లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. నేను ఆపరేషన్ థియేటర్ ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని. డాక్టర్ల కృతజ్ఞతలు డాక్టర్లు చెప్పుకుంటారు. ఇది నాది, నాతోపాటు పనిచేసే నర్సులది, టెక్నీషియన్లది.

మేడమ్, సార్, సిస్టర్, మీరు ఉన్నన్నాళ్ళూ మా థియేటర్‌లో ఒక్క ఆపరేషన్ కూడా మీ చేత్తో చేయలేదు. అన్నిటికంటే ముందు దానికే థ్యాంక్స్ చెప్పాలి.

వినడానికి వింతగా ఉంటుందేమో. ఇంతకుముందు కూడా మా దగ్గరికి పెద్ద పెద్ద డాక్టర్లు వచ్చారు. వాళ్ళ చేతి పనితనాన్ని తక్కువ చేయలేను, చూస్తుంటే ముచ్చటేసేది. రోజంతా వాళ్ళే కూర్చుని చకచకా ఆపరేషన్లు చేసేవారు. మేం పరికరాలు అందించి, చివర్లో ఫొటోకి నిలబడేవాళ్ళం. వాళ్ళు వెళ్ళిపోయాక కన్ను ఎర్రబడిందనో, ప్రెషర్ పెరిగిందనో పేషెంట్లు వస్తే కేసు షీటులో అసలేం చేశారో సరిగ్గా రాసి ఉండేది కాదు. చూపు వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు, కాదనను. కానీ మాకు మాత్రం వాళ్ళు రాకముందు ఏం చేతనయ్యేదో, వెళ్ళాక కూడా అంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. చూపు లోపం ఉన్నవాళ్ళు కనీసం 220 కోట్ల మంది. అందులో కనీసం 100 కోట్ల మందిది రాకుండా ఆపగలిగిన లోపం, లేదా ఇప్పటికైనా చికిత్స అందితే సరిపోయే లోపం. కళ్ళజోడు దొరకనివాళ్ళు, శుక్లం తీయించుకోలేనివాళ్ళు కూడా వీళ్ళలోనే ఉన్నారు. వచ్చిపోయే డాక్టర్ల చేతులు ఇంతమందికి ఏ మూలకు సరిపోతాయి? విమానాన్నే కంటి ఆసుపత్రిగా మార్చి 1982 నుంచి దేశదేశాలు తిరుగుతున్న ఆర్బిస్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు కూడా థియేటర్ ఉన్న ఆ విమానంలోనే క్లాస్‌రూమ్ కూడా పెట్టుకున్నారు. మీరేమో విమానం నిండా సామానుతో రాలేదు. ప్లాస్టిక్ కళ్ళు నింపిన పెట్టెతో వచ్చారు.

ఆ ప్లాస్టిక్ కళ్ళ మీద కోత పెట్టడం, పొరను గుండ్రంగా చింపడం చేయి తిరిగేదాకా మా జూనియర్ డాక్టర్ గారిని పేషెంట్ దగ్గరికి రానివ్వలేదు మీరు. ఆ తర్వాత కూడా మొత్తం కేసు చేతిలో పెట్టేయలేదు. ఒక కేసులో చివర్లో విస్కో (ఆపరేషన్ కోసం కంట్లో నింపే జిగురు ద్రవం) కడిగేయడం మాత్రమే, ఇంకో కేసులో లెన్సు పెట్టడం మాత్రమే. మిగతాది మా పెద్ద డాక్టర్ గారు చేస్తుంటే, మేడమ్, మీరు పక్క మైక్రోస్కోప్‌లోంచి చూస్తూ ఉండేవారు. సులువైన చివరి మెట్ల నుంచి మొదలుపెట్టి కష్టమైన మెట్లకు వెనక్కి వెళ్ళడమన్నమాట. ఇదేం పద్ధతో మొదట్లో నాకు అర్థం కాలేదు. టెన్షన్ లేకుండా నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి దారి ఇంకోటి నేను చూడలేదు.

అయినా టెన్షన్ రానే వచ్చింది. శుక్లం బయటికి వచ్చేసింది, మిగిలిన మెత్తటి పదార్థాన్ని సిమ్కో అనే సన్నటి గొట్టంతో లాగుతున్నారు జూనియర్ డాక్టర్ గారు. శుక్లం వెనక ఉండే పలచటి పొర చిరిగింది. ఆయన భుజాలు బిగుసుకోవడం నాకు కనిపించింది. ఇలాంటప్పుడు ఎవరైనా గభాల్న చేయి బయటికి లాగేస్తారు. అలా లాగితే కన్ను లోపలి ప్రెషర్ ఒక్కసారిగా పడిపోయి, వెనకున్న జెల్లీ ఆ చిరుగులోంచి ముందుకు తోసుకొస్తుంది. "చెయ్యి తీయకండి, అలాగే ఉంచండి" అన్నారు మేడమ్ మీరు, ఇంకో గ్లాసు నీళ్ళు కావాలి అన్నంత మామూలుగా. తర్వాత నా వైపు చూసి "సిస్టర్, విస్కో." సైడ్ పోర్ట్‌లోంచి, అంటే పక్కన పెట్టిన చిన్న కోతలోంచి, విస్కో నింపాకే సిమ్కో మెల్లగా బయటికొచ్చింది. ముందుకొచ్చిన కొంచెం జెల్లీని విట్రెక్టర్‌తో కత్తిరించి, మిగిలిన పొర మీద లెన్సు నిలబెట్టారు ఆయన. అవును, ఆయనే. మీ చేతులు మీ వెనకే కట్టుకుని ఉన్నాయి. కుర్చీలోంచి ఆయన్ని లేపి మీరు కూర్చోవడం అర నిమిషం పని. ఆ అర నిమిషంతో ఆయన ధైర్యం కూడా పోయేది.

పేషెంట్‌కి ఇదేమీ తెలియదు. మత్తు కంటికే గానీ మనిషికి కాదు కదా, మాటలన్నీ వినిపిస్తూనే ఉంటాయి. థియేటర్‌లో "అయ్యో" అన్న మాట వినపడకూడదని మీరు పెట్టిన రూలు ఇప్పుడు గోడ మీద రాసిపెట్టాం. ఆ పేషెంట్‌కి చూపు బాగానే వచ్చింది.

బయోమెట్రీ గదిలో, అంటే పెట్టాల్సిన లెన్సు పవర్ కోసం కన్ను కొలిచే గదిలో, జరిగింది కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ గది సంగతి బయట ఎవరికీ పట్టదు. కన్ను ముందు నుంచి వెనక్కి సుమారు 23, 24 మిల్లీమీటర్ల పొడవు. ఆ పొడవు కొలిచే ఏ-స్కాన్ ప్రోబ్‌ను నల్లగుడ్డు మీద కాస్త గట్టిగా ఆనిస్తే చాలు, కన్ను నొక్కుకుని పొడవు తక్కువగా చూపిస్తుంది. ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే లెన్సు పవర్ రెండున్నర నుంచి మూడు పాయింట్ల దాకా తప్పుతుంది. ఆపరేషన్ ఎంత అందంగా చేసినా పేషెంట్‌కి దూరం మసకే. సార్, మీరు మా టెక్నీషియన్ అమ్మాయితో ఒకే కంటిని మళ్ళీ మళ్ళీ కొలిపించి, రీడింగులు దగ్గర దగ్గరగా వచ్చేదాకా వదల్లేదు. ఆ అమ్మాయి ఇప్పుడు రీడింగు నచ్చకపోతే పెద్ద డాక్టర్ గారికైనా కాగితం ఇవ్వడం లేదు. డాక్టర్ గారు విసుక్కుంటున్నారు, లోపల మాత్రం సంతోషమే.

ఇక సిస్టర్, నా గురువు మీరు. కాన్యులాలో (సన్నటి గొట్టం సూదిలో) విస్కో ఎండిపోతే ఆవిరితో పరికరాలు శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో పెట్టినా పోదని, కేసు అయిన వెంటనే డిస్టిల్డ్ వాటర్‌తో లోపలంతా కడిగేయాలని మా క్లీనింగ్ ఆయాకి కూడా పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. ఆమెను కూర్చోబెట్టి ఏదైనా నేర్పిన మొదటి మనిషి మీరేనట. ఆపరేషన్‌కి ముందు కంట్లో క్రిములను చంపే 5 శాతం పోవిడోన్ అయోడిన్ వేసి 3 నిమిషాలు ఆగాలని మీరు తెచ్చిన టైమర్ అలాగే ఉంది. అది మోగకుండా డ్రేప్ (కంటి చుట్టూ కప్పే శుభ్రమైన గుడ్డ) వేయబోతే ఆయానే "ఆగండి" అంటోంది.

మీరు వెళ్ళేముందు పెట్టిన రిజిస్టర్ గురించి ఒక మాట. ఎన్ని ఆపరేషన్లు చేశామన్నదానికి మా దగ్గర ఎప్పుడూ లెక్క ఉంది. ఆ తర్వాత ఎవరికి ఎంత చూపు వచ్చిందన్నది రాయడం మొదలుపెట్టించింది మీరే. 2021లో ప్రపంచ ఆరోగ్య సభ 2030 నాటికి పెట్టుకున్న శుక్లాల లక్ష్యం కూడా ఆపరేషన్ జరిగి, మంచి చూపు వచ్చినవాళ్ళనే లెక్కలోకి తీసుకుంటుందని మీరు చెప్పాకే మాకు తెలిసింది. రిజిస్టర్‌లో కొన్ని పేజీలు చూస్తే మనసుకు కష్టంగా ఉంది. కానీ మూసి పెట్టం.

మీతోపాటు మరో రెండు రకాల వాళ్ళకి థ్యాంక్స్ బాకీ. మీరు లేనన్నాళ్ళూ మీ ఆసుపత్రుల్లో మీ డ్యూటీలు మోసిన తోటి ఉద్యోగులకు, సెలవులన్నీ ఇక్కడే అయిపోయినా మిమ్మల్ని ఏమీ అనని ఇంట్లోవాళ్ళకు.

వారం వారం వీడియో కాల్‌లో కేసులు చూస్తామన్నారు. మొదటి కాల్‌కి మూడు కేసులు సిద్ధంగా ఉన్నాయి, అందులో చిరిగిన పొర కేసు కూడా ఉంది. వచ్చేసారి నీటికాసులు (గ్లకోమా) చూసే డాక్టర్‌ని ఎవరినైనా వెంటబెట్టుకొస్తే ఇంకా మంచిది, ఆ పేషెంట్లను మేం ఆలస్యంగా పట్టుకుంటున్నాం. ఇంకో సంగతి, మా మెయింటెనెన్స్ అబ్బాయి రెండు రోజులుగా నా వెంట పడుతున్నాడు. మైక్రోస్కోప్ బల్బు పార్ట్ నంబరు సార్ దగ్గరే ఉండిపోయిందట, దయచేసి పంపించండి.