బిట్రగుంట పెదనాయనకూ, మిగతా అందరికీ

ఆదివారం రాత్రి మా ‘డాక్టర్ హూ’ ప్రత్యేక కార్యక్రమం మధ్యలో ఎక్కడా తెగకుండా చివరిదాకా ప్రసారమైంది. విన్నవాళ్ళకూ, ఫోన్లు చేసినవాళ్ళకూ దండాలు. ఇంకా నిద్ర తీరలేదు, గొంతు బొంగురుపోయింది. అయినా చెడిపోయిన మా ట్రాన్స్‌మిటర్‌ని బాగుచేసిన పెదనాయన గురించి ఇప్పుడే రాయాలి.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మాది కావలికీ బిట్రగుంటకూ మధ్య ఒక చిన్న కమ్యూనిటీ రేడియో. పొద్దున వ్యవసాయం, రొయ్యల గుంటల కబుర్లు, మధ్యాహ్నం ఆడవాళ్ళ కార్యక్రమం. ఆదివారం రాత్రి గంట మాత్రం నాది. బీబీసీ వాళ్ళ సైన్స్ ఫిక్షన్ సీరియల్ డాక్టర్ హూ కథలను మన మాటల్లో చెప్పుకుంటాం. వాళ్ళ సంగీతం, సంభాషణలు వాడుకునే హక్కు మాకు లేదు కాబట్టి అంతా మా గొంతులతోనే. కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే నీలం పెట్టె గురించి జువ్వలదిన్నె పడవల దగ్గరా, గుంటల కాపలా గుడిసెల్లోనూ మాట్లాడుకుంటారని మొదట్లో మా స్టేషన్‌లోనే ఎవరూ అనుకోలేదు. దేశ విభజన నాటి పంజాబులో జరిగే కథ ఒకటి 2018లో వచ్చింది. అది చెప్పిన రాత్రి ఒక కాపలా ఆయన ఫోన్ చేసి, మాట పెగలక ఊరికే లైన్లో ఉండిపోయాడు. అప్పట్నుంచి ఈ కార్యక్రమం నాకు ప్రాణం.

నవంబరు 23 ఆ సీరియల్ పుట్టినరోజు. 1963లో అదే రోజు మొదటి ఎపిసోడ్ వచ్చింది. దానికోసం కాలేజీ పిల్లలు రిహార్సల్స్ చేసి సిద్ధంగా ఉన్నారు. సరిగ్గా అప్పుడే వాయుగుండం వానలు పట్టుకున్నాయి, మా ట్రాన్స్‌మిటర్, అంటే కార్యక్రమాన్ని గాలిలోకి పంపే పెట్టె, చతికిలబడింది. ఆన్ చేస్తే కాసేపు పలుకుతుంది, తర్వాత తనంతట తానే పవర్ తగ్గించేసుకుంటుంది. మా ప్రహరీ దాటి వినబడదు.

సామాను అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే పెట్టె విప్పొద్దు, కొరియర్‌లో పంపండి, చూసి చెబుతాం అన్నారు. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పరు. ఇంజనీరు రావాలంటే రానూపోనూ ఖర్చు ముందే కట్టాలట. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2006 నుంచి మాలాంటి సంస్థలకు కూడా లైసెన్సులు ఇస్తున్నారు. మామూలుగా వంద వాట్లకు మించకూడదు, యాంటెన్నా 30 మీటర్లకు మించకూడదు, సొంతంగా వార్తలు చెప్పకూడదు, అన్నిటికీ నిబంధన ఉంది. చెడిపోతే బాగుచేసే మనిషి జిల్లాలో ఎక్కడున్నాడో చెప్పే నాథుడు లేడు. 2024లో ప్రకటనల సమయం గంటకు 12 నిమిషాలకు పెంచారు, సంతోషం. వేసిన ప్రకటనలకు ఒక ఆఫీసు నుంచి మాకు రావలసిన డబ్బు ఇంకా రాలేదు. అది వచ్చి ఉంటే ఇంజనీరుని పిలిపించుకునేవాళ్ళం. ఎవరినీ తిట్టాలని కాదు, కడుపు మండి రాస్తున్నాను.

అట్లా దిక్కుతోచక కూర్చున్నప్పుడు స్టేషన్ ఫోన్ మోగింది. ‘‘మీ రేడియో పలకట్లేదేంది పాపా? పొద్దున పాటలు లేకపోతే నాకు తోచట్లేదు’’ అని ఒక పెద్దాయన. ఆయనెవరో నాకు తెలియదు. ఏడుపు గొంతుతో ఉన్నదంతా చెప్పేశాను. ఆయన ఒకటే అడిగారు: ‘‘తిరిగొచ్చే పవర్ ఎంత చూపిస్తుంది?’’

గంట తిరక్కుండా వానలోనే మోపెడ్ మీద వచ్చారు. రైల్వేలో సిగ్నల్, టెలికాం విభాగంలో పనిచేసి రిటైరయ్యారట. బిట్రగుంట అంటే ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుతో కళకళలాడిన రైల్వే ఊరు కదా, అక్కడే స్థిరపడ్డారు. పేరు రాయొద్దని మరీమరీ చెప్పారు కాబట్టి రాయడం లేదు. మీటర్లు చూసి, ‘‘జబ్బు పెట్టెలో లేదు పాపా, తీగలో ఉంది’’ అన్నారు. పైకి పోవలసిన పవర్ యాంటెన్నా దాకా పోలేక వెనక్కి వస్తుంటే, పెట్టె తనను తాను కాపాడుకోవడానికి తగ్గిపోతోందట.

వాన తెరిపిచ్చాక టవర్ మీద నుంచి కేబుల్ పై కొస దింపించారు. కనెక్టర్ విప్పితే నీళ్ళు కారాయి. లోపలి రాగి అల్లిక నల్లబడిపోయి ఉంది. జానెడు కోశారు, కళ్ళజోడు పైకెత్తి చూశారు, ఇంకా నలుపే. మళ్ళీ కోశారు. రాగి తళతళ మెరిసేదాకా అట్లా కోస్తూనే పోయారు. నాకు గుండెల్లో దడ, ఎందుకంటే కొత్త కేబుల్ కొనే స్తోమత లేదు. కింద చుట్ట చుట్టి పెట్టిన అదనపు కేబుల్ ఉండబట్టి సరిపోయింది. కనెక్టర్‌ని బాగా ఆరబెట్టి, టంకం వేసి బిగించి, మీద రబ్బరు టేపు చుట్టించారు. పెంకులు పరిచినట్టు కింద నుంచి పైకి చుట్టాలట, అప్పుడే వాన నీళ్ళు లోపలికి దిగకుండా జారిపోతాయి. ఇది ప్రతి కమ్యూనిటీ రేడియో వాళ్ళూ గోడ మీద రాసిపెట్టుకోండి.

ఆన్ చేశాం. తిరిగొచ్చే పవర్ దాదాపు సున్నా. పిల్లలు అరిచారు. నేను మాత్రం గోడకి ఆనుకుని అట్లాగే నిలబడిపోయాను. ఆయన సంచిలోంచి టిఫిన్ బాక్సు తీసి, ‘‘ఎప్పుడు తిన్నావు పాపా?’’ అన్నారు. అంతే, ఆపుకోలేకపోయాను. పెరుగన్నం, ఊరమిరపకాయ. తన కోసం ఇంట్లో కట్టిచ్చిన అన్నం మూతలో నాకు సగం పెట్టి, నేను తినేదాకా తను ముద్ద ఎత్తలేదు. ఈ పనిలో పడ్డప్పట్నుంచి అందరూ ఎప్పటికి బాగవుతుందనే అడిగారు, తిన్నావా అని అడిగింది ఆయనొక్కరే. డబ్బులివ్వబోతే మోపెడ్ కీ వెతుక్కున్నారు.

అయినా వెళ్ళలేదు. మళ్ళీ ఆగిపోతే ఎట్లా అని కార్యక్రమం అయ్యేదాకా చిన్న రేడియో చెవి దగ్గర పెట్టుకుని వరండాలో కూర్చున్నారు. ఆయన అంతకుముందు డాక్టర్ హూ పేరే వినలేదు. అమెరికా అధ్యక్షుడు కెనడీ హత్య జరిగిన మర్నాడే మొదటి ఎపిసోడ్ వచ్చిందనీ, కొన్నిచోట్ల కరెంటు పోయి జనం చూడలేకపోయారనీ, తర్వాతి వారం దాన్నే మళ్ళీ వేశారనీ చెప్పాం. దాన్ని తీసిన దర్శకుడు వారిస్ హుస్సేన్ లక్నోలో పుట్టినవాడనీ చెప్పాం. పాత ఎపిసోడ్ల టేపులు బీబీసీ చెరిపేసుకుంటే, ఇళ్ళల్లో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి అభిమానులు పట్టుకున్న శబ్దం వల్లే పోయిన ఎపిసోడ్లన్నీ ఈరోజుకీ వినగలుగుతున్నాం. ఆ భాగం గురించి తర్వాత ఆయన, ‘‘ఆ పిల్లోళ్ళు మంచి పని చేశారు’’ అన్నారు. పెదనాయనా, మీరు చేసిన పనికి నా దగ్గర మాటల్లేవు. మీ పొద్దుటి పాటలు ఇంక ఆగవు.

అమ్మా నాన్నా, మా ఆయనా ఎప్పటిలాగే వెనకుండి అన్నీ చూసుకున్నారు.

అయ్యో, ఇంకా ఉన్నారు. హెయిర్ డ్రయ్యర్ ఇచ్చిన పక్కింటి బ్యూటీ పార్లర్ అక్క. అది లేకపోతే కనెక్టర్ ఆరేదే కాదు. ఆదివారమైనా షాపు తెరిచి రబ్బరు టేపు ఇచ్చిన కావలి ఎలక్ట్రికల్ షాపు అన్న. ఫోన్లు చూసుకున్న డిగ్రీ పిల్లలు ఇద్దరూ. కరెంటు పోతే వెంటనే జనరేటర్‌కి డీజిల్ తెచ్చిన ఆటో బాబాయి.

తడి టవర్ రెండుసార్లు ఎక్కిన కేబుల్ టీవీ అబ్బాయి పేరు కూడా అడగలేదు, ఆ హడావిడిలో వెళ్ళిపోయాడు. ఎక్కేముందు తీసిన చేతి గడియారం మా స్టూడియో బల్ల మీదే ఉంది. తనెవరో తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.