కొట్టంలో పడున్న బండికి మొదట బ్రేకులు చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

చేస్తున్న కొలువు పోయి, ఇంకోటి దొరికేదాకా ఊరికి వచ్చి ఉంటున్న పిల్లలు నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చాలామంది ఉన్నారు. చేతిలో టైముంది, జేబులో పైసలు లేవు. కొట్టంలోనో, వేపచెట్టు కిందనో నాయిన నడిపిన హీరో హోండా స్ప్లెండర్ దుమ్ము పట్టి నిలబడి ఉంటుంది. నంబరు ఏపీ 24 అనో, ఏపీ 22 అనో మొదలవుతుంది. ఫైనాన్సులో కొత్త బండి తెచ్చి జీతం లేని నెలల్లో కిస్తీలు కట్టుకునే బదులు ఆ పాత బండినే లేపుకోవాలనుకోవడం మంచి ఆలోచన. కానీ ఇలా ఇంట్లో బాగుచేసుకునే బండ్లలో ఒకే తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. అందరూ ముందు ఇంజిన్ మీద పడతారు. అది మోగిన సాయంత్రమే బండి రోడ్డెక్కుతుంది. బ్రేకులు, టైర్లు మాత్రం పదేళ్ల కిందటివే ఉంటాయి. అందుకే ఇంజిన్ ముట్టకముందే బ్రేకులు, టైర్లు, హ్యాండిల్ పని పూర్తిచెయ్యమని చెప్పడానికే ఈ ఉత్తరం. ఇంజిన్ ఒక్కసారి మోగితే మిగతా పనికి ఓపిక మిగలదు.

అంతకంటే ముందు కాగితాలు. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. దానికి ఫారం 25. గడువు దాటితే మోటారు సైకిల్‌కు నెలకు 300 రూపాయల చొప్పున ఆలస్య రుసుము పడుతుంది కాబట్టి, ఒక్క బోల్టు విప్పకముందే బాకీ ఎంతో తెలుసుకోవాలి. ఆర్‌సీ చనిపోయినవారి పేరు మీద ఉంటే ఫారం 31తో వారసుల పేరుకు మార్పించుకోవాలి. ఎప్పుడో తీరిపోయిన ఫైనాన్సు ఆర్‌సీలో ఇంకా కనిపిస్తుంటే, ఫైనాన్సు వాళ్ల ఎన్‌వోసీ, ఫారం 35 కావాలి. ఈ బాకీలన్నీ కలిపి బండి విలువను దాటుతుంటే అక్కడే ఆగిపోవడం మేలు. ఇంకో మాట: హ్యాండిల్ కింద ఫ్రేముకు కొట్టిన ఛాసిస్ నంబరును ఇసుక కాగితంతో రుద్దొద్దు, దాని మీద రంగు వెయ్యొద్దు. తనిఖీలో ఆ అంకెలు చదవడానికి రాకపోతే పని మొత్తం అక్కడే ఆగుతుంది.

ఇక బ్రేకులు. బండిని సమతలంగా ఉన్నచోట డబుల్ స్టాండ్ మీద పెట్టి మొదట వెనక చక్రం తియ్యండి. చక్రం నడుమ ఉండే బ్రేకు డ్రమ్ములో ఉన్న నల్లటి పొడిని నోటితో ఊదొద్దు. డ్రమ్మును లోపలినుంచి ఒత్తి పట్టే షూలు పాతవైతే వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారెయ్యండి. ఏళ్ల తరబడి కదలని బండిలో షూ అరగకపోయినా దాని మీద అంటించిన లైనింగు రేకును వదిలేసి ఉంటుంది. గోరుతో అంచు లేపి చూడండి, కొంచెం లేచినా రెండు షూలూ మార్చాల్సిందే. నడుస్తుండగా ఆ లైనింగు ఊడి డ్రమ్ములో ఇరుక్కుంటే చక్రం పట్టేస్తుంది. షూలను తెరిచే క్యామ్ తుప్పుతో బిగుసుకుని ఉంటుంది. దాన్ని బయటికి తీసి, రుద్ది శుభ్రం చేసి, అగ్గిపుల్ల కొనకు పట్టేంత గ్రీజు రాస్తే చాలు. ఎక్కువ రాస్తే వేడికి కరిగి లైనింగు మీదికి కారుతుంది. గ్రీజు తాగిన షూను ఎంత కడిగినా మళ్లీ పట్టదు.

చక్రం తిరిగి ఎక్కించేటప్పుడే ఇంటి రిపేర్లలో అసలు ప్రమాదం ఉంది. ముందు బ్రేకు ప్లేటుకు ఒక గాడి ఉంటుంది, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు కాలు మీదున్న బుడిపె సరిగ్గా ఆ గాడిలో కూర్చోవాలి. వెనక ప్లేటును కదలకుండా పట్టే పొడుగు పట్టీ, దాని నట్టు, నట్టుకు స్ప్లిట్ పిన్ను ఉంటాయి. ఈ రెండింట్లో ఏది మరిచినా బ్రేకు నొక్కగానే ప్లేటు చక్రంతోపాటు తిరిగి, వైరునో రాడ్డునో లాక్కుని, చక్రాన్ని బిగించేస్తుంది. స్ప్లిట్ పిన్ను పాతది మళ్లీ వంచి పెట్టకండి, అది విరుగుతుంది. కొత్తది కొనండి. బ్రేకు వైరు, క్లచ్ వైరు తొడుగులోపల తుప్పు పట్టి ఉంటాయి, నూనె పోసి సరిపెట్టుకోవాలని చూడొద్దు. రెండూ కొత్తవే వెయ్యండి.

టైరు పక్కన ఒక గుండ్రటి గడిలో నాలుగు అంకెలు కనిపిస్తాయి. 2312 అని ఉంటే 2012లో 23వ వారం తయారైందని అర్థం. గాట్లు ఎంత లోతున్నా, ఎండకు పక్కలు నెర్రెలిచ్చిన టైరు పనికిరాదు. మన దగ్గర మే నెల తారు రోడ్డు వేడికి అది దారిలోనే పేలుతుంది. స్ప్లెండర్‌కు ముందూ వెనకా 2.75-18 సైజే. ట్యూబులు, రిమ్ము లోపలి పట్టీ కూడా కొత్తవి వేసుకోండి. గాలి ముందు 25, ఒక్కరే నడిపితే వెనక 28, ఇద్దరెక్కితే వెనక 40 పౌండ్లు. చక్రం తిప్పుతూ స్పోకు పుల్లలను పానాతో ఒక్కొక్కటి తట్టండి. బిగువుగా ఉన్నవి ఒకేరకంగా మోగుతాయి, వదులైనది బొంగురుగా పలుకుతుంది. వదులు పుల్లలను మాత్రం ఇంట్లో బిగించొద్దు, రిమ్ము వంకరపోతుంది. అది చక్రాలు సరిచేసేవారి పని.

ముందు చక్రం లేపి హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పితే నడిమధ్యలో గాడిలో పడ్డట్టు ఆగుతోందా? హ్యాండిల్ తిరిగే బేరింగు, అంటే కోన్ సెట్టు, పోయినట్టు. ఫోర్కు కాళ్లు పట్టి ముందుకూ వెనకకూ లాగితే టక్కుమంటే వదులైనట్టు. పైకీ కిందికీ మెత్తగా ఆడటానికి ఫోర్కులో నూనె ఉంటుంది, సీలు దగ్గర జిడ్డు కారితే ఆ సీలు మార్చాలి. ఈ రెండూ మెకానిక్ దగ్గర చేయించడమే మంచిది.

తర్వాత పెట్రోలు. ఏళ్ల నాటి పెట్రోలు వార్నిష్ వాసన కొడుతుంది, దానితో స్టార్ట్ చెయ్యాలని చూడకండి. ట్యాంకు దించి, ట్యాపు విప్పి, లోపలికి టార్చి వేసి చూడండి. ఎర్రటి తుప్పు పొడి ఉంటే నిమ్మ ఉప్పు బాగా పనిచేస్తుంది. లీటరు వేడినీళ్లకు 50 గ్రాములు, అంటే పది లీటర్ల ట్యాంకుకు అరకిలో. ట్యాపు రంధ్రం మూసి, అంచుదాకా నింపి, మూత తెరిచే రాత్రంతా ఉంచండి. తుప్పు కరిగేటప్పుడు గ్యాసు వస్తుంది, దగ్గర్లో బీడీ, దీపం ఉండకూడదు. పొద్దున ఒంపేసి, గుప్పెడు తినే సోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మామూలు నీళ్లతో రెండుసార్లు కడిగి ఎండలో బోర్లించండి. ఆరిన ట్యాంకును ఊరికే వదిలితే గంటల్లోనే మళ్లీ ఎర్రబారుతుంది. కొంచెం ఇంజిన్ ఆయిలు కలిపిన గ్లాసెడు పెట్రోలు పోసి అన్ని వైపులా తిప్పి ఒంపేయాలి. ట్యాంకుకు చిల్లి ఉంటే ఇంట్లో వెల్డింగ్ మాట తలపెట్టొద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలే ఆవిరే పేలుతుంది.

ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అందులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాత బండ్ల రబ్బర్లు దానికోసం చేసినవి కావు. అందుకని పెట్రోలు పైపు, కార్బొరేటర్ ఫ్లోటు సూది, గిన్నె రబ్బరు కొత్తవి వెయ్యండి. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది కాబట్టి నెలకు పైగా నిలిపేటప్పుడు ట్యాపు కట్టేసి, దానంతటది ఆగేదాకా ఇంజిన్ నడిపించి కార్బొరేటర్ ఖాళీ చేసుకోవాలి.

కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రమున్న ఇత్తడి జెట్టును సూదితోనో, ఇనుప తీగతోనో పొడిస్తే దాని రంధ్రం పెద్దదైపోయి మైలేజీ పడిపోతుంది. కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు దూర్చి, పంక్చరు షాపులో గాలి కొట్టించండి. గాలి స్క్రూ విప్పేముందు దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లు పట్టిందో రాసుకోండి. తిరిగి అన్నే చుట్లు బయటికి తిప్పాలి. గాలి ఫిల్టరు డబ్బాలో ఎలుకలు సీటు దూది తెచ్చి గూడు కడతాయి. సైలెన్సర్ కొనలో కందిరీగలు మట్టితో గట్టి పుట్ట పెడతాయి. వాటిని చూసుకోకుండా ఎంత కిక్కు కొట్టినా లాభం లేదు.

ఇంజిన్ వంతు ఇప్పుడు. మొదటిరోజే కిక్కు మీద ఎగిరి దూకకండి. ఏళ్ల తరబడి నిలిచిన బండిలో పిస్టన్ రింగులు సిలిండర్‌కు అతుక్కుని ఉంటాయి, బలంగా తొక్కితే రింగు విరుగుతుంది. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో టీ చెంచాడు ఇంజిన్ ఆయిలు పోసి ఒక రాత్రి వదిలెయ్యండి. మర్నాడు ప్లగ్గు పెట్టకుండానే, న్యూట్రల్‌లో కిక్కును చేత్తో మెల్లగా నొక్కండి. కదలకపోతే టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని కొంచెం ముందుకూ వెనకకూ ఊపండి. రెండు మూడు రోజులు ఇలా చేసినా కదలకపోతే ఇంజిన్ విప్పాల్సిందే, ఇక అది ఇంట్లో అయ్యే పని కాదు.

కదిలితే పాత ఆయిలు తీసెయ్యండి. పాలు పోసిన చాయ్ రంగులో వస్తే నీళ్లు చేరినట్టు. అప్పుడు కొత్త ఆయిలు పోసి, పది నిమిషాలు నడిపి, దాన్ని కూడా తీసి మళ్లీ కొత్తది పోయాలి. స్ప్లెండర్‌కు 10డబ్ల్యూ30 నాలుగు స్ట్రోకుల ఆయిలు, 900 మిల్లీలీటర్ల డబ్బా దొరుకుతుంది. మొత్తం ఒకేసారి గుమ్మరించకుండా కొంచెం మిగిల్చి కొలపుల్ల చూడండి. ఆ పుల్లను మరలు తిప్పకుండా ఊరికే దింపి కొలవాలి. తీసిన ఆయిలును మురికి కాలువలోకో, బోరు పక్కకో పోయకండి, డబ్బాలో పట్టి మెకానిక్ షాపులో ఇచ్చెయ్యండి.

ప్లగ్గును క్యాపుకు పెట్టి, దాని ఇనుప భాగం ఇంజిన్‌కు ఆనించి కిక్కు కొడితే నీలి నిప్పు రావాలి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా, పెట్రోలు దగ్గర్లో లేకుండా చూసుకోండి. నిప్పు రాకపోతే ప్లగ్గుకు నిప్పు పంపే సీడీఐ పెట్టె వెంటనే కొనకుండా, ముందు ఎలుకలు కొరికిన వైర్లు, తాళం స్విచ్చు, ప్లగ్గు క్యాపు వరసగా చూడండి. తప్పు ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది. బ్యాటరీ చివరికి కొనండి, కిక్కుతో నడిచే పాత మోడల్ బ్యాటరీ లేకున్నా స్టార్ట్ అవుతుంది. నీళ్లు పోసే బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరే పోయండి. ఫ్లోరైడు, ఉప్పులు నిండిన మన బోరు నీళ్లు పోస్తే ప్లేట్లు పాడైపోతాయి.

స్టార్ట్ అయ్యాక కాసేపు తెల్లపొగ రావడం మామూలే, మీరు పోసిన ఆయిలే అది. అరగంట తర్వాత కూడా నీలం పొగ ఆగకపోతే రింగులో, వాల్వు సీళ్లో పోయినట్టు. నల్లపొగ అయితే చోకు, గాలి ఫిల్టరు చూడండి. చైను కింది వైపు మధ్యలో వేలితో ఎత్తితే 25 మిల్లీమీటర్ల దాకా ఆడాలి. స్ప్రాకెట్ పళ్లు కొడవలి కొనల్లా వంగితే చైను ఒక్కటే మార్చకండి. అరిగిన పళ్లు కొత్త చైనును నెలల్లోనే తినేస్తాయి. చైను, రెండు స్ప్రాకెట్లు మూడూ కలిపి సెట్టుగా వెయ్యండి. చైను లాకు మూసిన వైపు చైను తిరిగే దిక్కుకు ఉండాలి.

కొలువు వెతుకుతున్నవారికి ఇంకో జాగ్రత్త. ఒక భాగం విప్పి, బిగించి, చూశాకే ఇంకోటి విప్పండి. ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన రోజు బండి మొత్తం గోనెసంచి మీద ముక్కలై ఉండకూడదు. విప్పేముందు ఫోన్‌లో ఫొటో తీసుకుని, ఏ భాగం బోల్టులు ఆ భాగానికి వేర్వేరు పెరుగు డబ్బాల్లో పెట్టండి. పాత సామాన్ల షాపులో సైడ్ డోములు (సీటు కింది పక్క మూతలు), మడ్‌గార్డు తెచ్చుకోవచ్చు. బ్రేకు షూలు, వైర్లు, బేరింగులు మాత్రం బిల్లు ఇచ్చే షాపులో కొత్తవే కొనాలి. సీటు కవరు, రంగు ఆఖరుకు.

బీమా తీసుకున్నాకే బండిని గేటు దాటించండి. మొదటిసారి పొలం బాటలో మెల్లగా రెండు కిలోమీటర్లు నడిపి, ఆగి, డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటి కాలుతూ ఒకటి చల్లగా ఉంటే కాలేదానిలో షూ రాసుకుంటున్నట్టే. 50 కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లన్నీ మళ్లీ బిగించి చూడాలి. ఆ తర్వాతే జాతీయ రహదారి.

మోటారు మెకానిక్ కోర్సు ఉన్న ప్రభుత్వ ఐటీఐల్లో కొలతల పరికరాలు ఉంటాయి. వారానికి ఒక సెలవు రోజు, ఒక ఇన్‌స్ట్రక్టరు ఉండగా, ఇలా ఇంట్లో బాగుచేసుకున్న బండ్లను రోడ్డెక్కేముందు చూసి పంపితే ఎన్నో ప్రమాదాలు తప్పుతాయి. మా రెండు జిల్లాల అధికారులు ఈ సంగతి ఆలోచించాలి. మీ జిల్లా పేజీలో ఉద్యోగ ప్రకటనల పక్కన ఈ ఉత్తరానికి చోటిస్తే, చూడాల్సిన పిల్లల కంట పడుతుంది.

— ఇద్దరు టూ వీలర్ మెకానిక్‌లు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా