రెండో వాక్యం కొట్టేశాను

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ కథ అందింది. మొదటిసారి కథగా చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. దయ్యాల కథలు రాయడమేమిటని నేను అంటానేమోనని సంకోచిస్తూ రాశావు. ఆ సంకోచం అక్కర్లేదు. భయాన్ని నిజాయితీగా రాయడం దుఃఖాన్ని రాయడమంత కష్టమైన పని అని నేను నమ్ముతాను. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది.

ముందు నీ నాలుగో పేజీ సంగతి. భర్త పోయిన తరువాత ఏడేళ్ళ కూతురిని తీసుకుని ఆ తల్లి కొత్త ఇంటికి వస్తుంది. ఒక సాయంత్రం మూసి ఉన్న గది తలుపు బయట నిలబడి, లోపల ఏం చేస్తున్నావని పాపను అడుగుతుంది. "మేము ఆడుకుంటున్నామమ్మా" అంటుంది పాప. కథ మొత్తంలో నాకు ఒళ్ళు జలదరించింది ఆ ఒక్కచోటే. పాప "నేను" అనలేదు, "మనం" అనీ అనలేదు, "మేము" అంది. ఆ ఒక్క మాటతో గదిలోకి ఇంకెవరో వచ్చి కూర్చున్నారు, తలుపు బయట నిలబడిన తల్లి మాత్రం ఆ లెక్కలో లేకుండా పోయింది. కాని ఆ వెంటనే నువ్వు, "గదిలో పాపతో పాటు ఇంకెవరో ఉన్నారని అర్థమై ఆమె భయంతో వణికిపోయింది" అని రాశావు. పాఠకుడు తనంతట తాను కనిపెట్టబోతున్నదాన్ని ముందే అతని చేతిలో పెట్టేశావు. ఆ రెండో వాక్యం కొట్టేశాను. ఆ చోట వివరణ ఏదీ వద్దు. ఏదైనా ఉండి తీరాలనిపిస్తే, తల్లి చేత ఒక్క మాట అనిపించు: "చీకటి పడుతోంది, ఇక రండి." తనకు తెలియకుండానే ఆమె కూడా ఇద్దరిని పిలిచిందని పాఠకుడికి తట్టేసరికి కథ రెండు వాక్యాలు ముందుకు జరిగిపోయి ఉంటుంది.

ఈ వసతి మన భాషలోనే ఉందని నువ్వు గుర్తించాలి. కర్తను వదిలేసి "వచ్చింది" అని రాస్తే, వచ్చినది మనిషో, జంతువో, మనిషి కానిదో చెప్పనక్కర్లేదు. ఆడమనిషికీ అదే క్రియ, వస్తువుకీ అదే క్రియ. "వచ్చారు" అంటే గౌరవించవలసిన ఒక్కరు కావచ్చు, పదిమంది కావచ్చు. పైగా మన వాక్యానికి క్రియ చివర వస్తుంది కనుక, మెట్ల మీద, చీకట్లో, తడి పాదాలతో, పాప గొంతుతో అని ఎంత దూరమైనా పాఠకుడిని నడిపించి, జరిగినదేమిటో ఆఖరి మాట దాకా దాచిపెట్టవచ్చు. నువ్వు మాత్రం ముప్పై పేజీలలో "భయంకరమైన" అన్న విశేషణాన్ని పదకొండుసార్లు వాడావు. లెక్కపెట్టాను. ఆ పదకొండూ తీసేసి చదివి చూశాను, ఒక్కచోట కూడా లోటు తెలియలేదు.

రెండో పేజీలోనే నెత్తురు కారే ముఖాన్ని చూపించావు. అది చదివి నేను భయపడలేదు, ముఖం తిప్పుకున్నాను. ఈ రెండూ వేరు. భరతుడు నాట్యశాస్త్రంలో భయానకాన్నీ బీభత్సాన్నీ రెండు వేర్వేరు రసాలుగా చెప్పాడు. మొదటిదానికి స్థాయీభావం, అంటే రసానికి మూలమైన భావం, భయం; రెండోదానికి జుగుప్స. ఎంతో కాలం తరువాత, ఇంగ్లండులో ఆన్ రాడ్‌క్లిఫ్ అనే రచయిత్రి ఇంచుమించు ఇదే తేడాను తన దారిలో పట్టుకుంది. ఆమె మరణించాక 1826లో అచ్చయిన వ్యాసంలో, టెర్రర్ మనసును విశాలం చేసి ఇంద్రియాలను మేల్కొలుపుతుందనీ, హారర్ వాటిని ముడుచుకుపోయేలా చేసి గడ్డకట్టిస్తుందనీ, రాబోయే కీడు అస్పష్టంగా ఉండటమే మొదటిదానికి ప్రాణమనీ రాసింది. బీభత్సం కథలో ఉండకూడదని నేను అనను. అది ఒక్కసారి, ఆలస్యంగా రావాలి. రెండో పేజీలో ఖర్చుపెట్టేస్తే మిగతా ఇరవై ఎనిమిది పేజీలకు నీ దగ్గర ఏం మిగులుతుంది?

సినిమా దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బల్ల కింది బాంబు ఉదాహరణ నీకు తెలిసే ఉంటుంది. బాంబు ఉన్నట్టు తెలియకుండా పేలితే ప్రేక్షకుడికి పదిహేను సెకన్ల ఉలికిపాటు దక్కుతుంది. మాట్లాడుకునేవాళ్ళకు తెలియక, చూసేవాళ్ళకు ముందే తెలిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ దక్కుతుంది. నీ కథలో ఆ గది గురించి తల్లికంటే పాఠకుడికి ఒక్క విషయం ముందుగా తెలియాలి. ఒక్కటి చాలు.

ఇక అసలు మాట. ఇంగ్లీషు రచయిత డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ 1902లో ప్రచురించిన కోతి పాదం కథను, మూడు కోరికలు తీర్చే ఆ పాదం కథను, మళ్ళీ చదువు. యంత్రంలో చిక్కుకుని ఛిద్రమై చనిపోయిన కొడుకు తిరిగి రావాలని తల్లి పట్టుబట్టి భర్త చేత కోరిక కోరిస్తుంది. అర్ధరాత్రి తలుపు చప్పుడవుతుంది. ఆమె కుర్చీ లాక్కుని పై గడియ అందుకోబోతుంది, తండ్రి చీకట్లో ఆ కోతి పాదం కోసం నేలంతా తడుముతూ చివరి కోరిక కోరతాడు. తలుపు తెరుచుకుంటుంది, వీధి దీపం వెలుగులో దారి నిర్మానుష్యంగా ఉంటుంది. తలుపు తట్టినవాణ్ణి పాఠకుడు ఒక్క క్షణం కూడా చూడడు. నన్ను ఇప్పటికీ వణికించేది ఆ చప్పుడు కాదు, తల్లి ఆ గడియ తీయాలని తహతహలాడటం. నీ కథలో తల్లి ఆ గది నుంచి పారిపోవాలనుకుంటోంది, అంతే. లోపల ఉన్నది పోయిన భర్తేమోనన్న ఆశ ఆమెలో ఏ మూలైనా ఉంటే, ఆమె తలుపు దగ్గరికి వెళ్ళే ప్రతి అడుగూ బరువెక్కుతుంది. ఇప్పుడు ఆ గదిలో ఆమె ఆశించేది ఏమీ లేదు, అందుకే నాకు ఆమె గురించి బెంగ లేదు.

కథలో మూడు దయ్యాలు ఎందుకో నాకు అర్థం కాలేదు. ఏకబిగిన చదివే కథ ఒకే ప్రభావం కోసం పని చెయ్యాలనీ, ముగింపు తెలిశాకే కలం పట్టాలనీ అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పో 1846 నాటి వ్యాసంలో వాదించాడు. అన్ని కథలకూ ఇది చెల్లుతుందని నేననుకోను. భయం కథకు మాత్రం చెల్లుతుంది. బావి దగ్గరి ముసలివాణ్ణీ, అద్దంలోని ఆకారాన్నీ తీసెయ్యి. గది ఉంచు.

నీకు ఒక సంగతి ఎప్పుడూ చెప్పలేదు. నీకు అయిదేళ్ళప్పుడు ఒక రాత్రి ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. తడిగుడ్డ మార్చి మార్చి వేస్తూ నీ పక్కనే కూర్చున్నాను. తెల్లవారుజామున కళ్ళు తెరిచి నా ముఖంలోకే చూస్తూ, చాలా మర్యాదగా, "మా నాన్నను పిలుస్తారా?" అని అడిగావు. నేనే అమ్మా నాన్నను అన్నాను. నువ్వు తల అడ్డంగా ఊపి, నా భుజం మీదుగా తలుపు వైపు చూశావు. నేను వెనక్కి తిరగలేదు. అక్కడ ఎవరూ ఉండరని తెలుసు, అయినా తిరగలేకపోయాను. జ్వరం తగ్గాక నీకేమీ గుర్తు లేదు. ఇన్నేళ్ళలో నేను చదివిన ఏ దయ్యమూ నన్ను అంత భయపెట్టలేదు. పరాయి ముఖం కాదు నన్ను భయపెట్టింది, నా బిడ్డ నన్ను "మీరు" అనడం.

నాలుగో పేజీ నుంచి తిరగరాసి పంపు. ఆ రాత్రి సంగతి కథలో ఎక్కడైనా ఇమిడితే నిస్సంకోచంగా వాడుకో. నీకు గుర్తు లేకపోయినా అది నీది కూడా.

ఆశీస్సులతో,
నాన్న