సర్కస్ వారం ఎందుకు ఆపేశానంటే

అన్నలకు, అక్కలకు, సాయంత్రం ఐదు కాగానే సైకిళ్లు తెచ్చి షట్టర్‌కు అడ్డంగా పెట్టేసే తమ్ముళ్లకు,

తిరుపతి బాలాజీ కాలనీలో మన గేమింగ్ సెంటర్ ముందు కట్టిన పెద్ద ఫ్లెక్స్ ఇప్పుడు లేదు, చూసే ఉంటారు. ఎవరూ చింపలేదు, నేనే దించేశాను. ఎండాకాలం సెలవుల్లో ‘సర్కస్ వారం’ అని పెట్టి, సర్కస్ గేములన్నీ ఆడించి, పాయింట్లు ఎక్కువ తెచ్చుకున్నోళ్లకు ప్రైజులిస్తానని ఊరంతా చెప్పింది నేనే, నాలుగో రోజు ఆపేసిందీ నేనే. ఎందుకన్నా ఎందుకన్నా అని కౌంటర్ దగ్గర అడిగినవాళ్లందరికీ ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెప్పుకుంటూ వచ్చాను. ఒకరికి కరెంటన్నాను, ఒకరికి జాయ్‌స్టిక్కులు పోయాయన్నాను. జాయ్‌స్టిక్కులు రెండు పోయిన మాట నిజమే కానీ కారణం అది కాదు.

ముందు డబ్బుల సంగతి తేల్చేద్దాం. వారం పాస్ 350 పెట్టి కొన్నవాళ్లకు మిగిలిన మూడు రోజులకు 150 వెనక్కి ఇస్తున్నాను. వద్దనుకుంటే ఆ గంటలు జూన్ నెలాఖరు లోపల ఎప్పుడైనా వేరే గేములకు వాడుకోవచ్చు. పాస్ చీటీ పారేసుకున్నా పర్లేదు, నోటుబుక్కులో అందరి పేర్లూ ఉన్నాయి.

ఇక అసలు విషయం. మీలో ముప్పై దాటినవాళ్లకు సర్కస్ చార్లీ అంటే చెప్పక్కర్లేదు. జపాన్‌లో కొనామి వాళ్లు 1984లో ఆర్కేడ్‌కు, అంటే నాణెం వేసి ఆడే మెషిన్లకు, చేసిన గేమ్ అది, 1986లో ఫ్యామికామ్ అనే ఇంట్లో ఆడుకునే మెషిన్‌కు వచ్చింది, మనకేమో టీవీ వెనక వైరు పీకి తగిలించుకునే ఆ చవక వీడియో గేముల్లో, ‘9999 ఇన్ 1’ అని రాసిన పసుపుపచ్చ కేసెట్లలో దొరికింది. నా చిన్నప్పటి కేసెట్టు ఇంకా ఉంది. ఉఫ్ అని ఊదితే ఇప్పటికీ ఆడుతుంది. సర్కస్ వారం అనే ఆలోచన దాన్ని చూసే వచ్చింది. చార్లీ సింహం మీద నిలబడతాడు, ఎదురుగా నిప్పుల చక్రాలు వస్తుంటాయి, ఒక్కోటి దూకించాలి, కింద కుండల్లో కూడా మంట ఉంటుంది. అంతే గేము. దానికోసం మేము సండే పొద్దున అన్నం కూడా మానేసిన రోజులున్నాయి.

తప్పు ఎక్కడ జరిగిందంటే ఫ్లెక్స్ దగ్గర. ఫ్లెక్స్ ప్రింటు కొట్టే అబ్బాయికి ‘సింహం ఉండాలి, నిప్పుల చక్రం ఉండాలి, జోకర్ ఉండాలి’ అని ఫోన్లో చెప్పి ఊరుకున్నాను. వాడు గేమ్ బొమ్మ పెట్టలేదు. ఎక్కడిదో నిజం సింహం ఫోటో, నిజం మంట, పది అడుగుల పొడవున. బాగుందనే అనుకున్నాను, అబద్ధమెందుకు.

మూడో రోజు సాయంత్రం, మన సందు చివరింటి అక్క కొడుకు, రెండో తరగతి, చార్లీ ఆడుతున్నాడు. 40 మీటర్ల బోర్డు దాటాడు, మంచి ఊపు మీదున్నాడు. ఉన్నట్టుండి జాయ్‌స్టిక్ ఒళ్లో పెట్టేసుకుని, “అంకుల్, దాని జుట్టు కాలదా?” అన్నాడు. గేము కదరా అన్నాను. “మరి బయట ఉండేది నిజం సింహమే కదా” అన్నాడు. ఈలోపు చార్లీ వెళ్లి చక్రానికి తగులుకుని అవుటయ్యాడు. నా దగ్గర జవాబు లేదు.

వాళ్లమ్మ తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు ఈ మాట చెప్పి నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. “అన్నా, సర్కసుల్లోంచి తెచ్చిన సింహాలను మన జూలోనే పెట్టారు కదా, తిరుపతిలో ఉంటూ నువ్వీ బొమ్మ ఎట్ల పెట్టినావు?” అంది. ఎండదెబ్బ కంటే గట్టిగా తగిలింది ఆ మాట.

నిజమే. మన ఎస్వీ జూపార్కు 1987లో మొదలైంది. సర్కసుల నుంచి తప్పించిన సింహాలనూ పులులనూ పెట్టడానికి అక్కడ విడిగా ఒక రెస్క్యూ సెంటర్ నడిచింది. అవి ఎందుకొచ్చాయంటే, ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం, ఈ ఐదింటినీ ఆడించకూడదని కేంద్రం 1998లో ఆర్డరు వేసింది, సర్కస్ వాళ్లు కోర్టుకెళ్లారు, 2001లో సుప్రీంకోర్టు కూడా ఆ ఆర్డరు సరైనదే అంది. మరి అప్పటిదాకా బోనుల్లో పెరిగిన జంతువులు ఎక్కడికి పోవాలి? అడవిలో వదిలితే వేటాడ్డం రాదు. పైగా వాటిలో చాలా సింహాలు మన గిర్ జాతికీ ఆఫ్రికా జాతికీ కలిసి పుట్టినవి, కాబట్టి వాటి సంతతిని పెంచకుండా, ఉన్నవాటిని ఉన్నన్నాళ్లు సాకడమే. ఇరుకు బోనులో ఏళ్లు గడిపిన జంతువు అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు, అదే కొలతలో తిరుగుతూనే ఉంటుంది. చార్లీ సింహం మాత్రం ముందుకే పోతుంది, దానికి బోనే లేదు.

ఆ రాత్రి ఇంటికెళ్లి లెక్కేసుకుంటే నవ్వొచ్చింది. ఆ ఐదింటి లిస్టు పట్టుకుని చూస్తే చార్లీ మొదటి స్టేజి సింహం, ఔట్. రెండో స్టేజిలో తాడు మీద ఎదురొచ్చే కోతులు, ఔట్. మూడోది బంతుల మీద నడక, దానికి అడ్డం లేదు. నాలుగోది గుర్రం, ఆ లిస్టులో గుర్రం లేదు. చార్లీకి వయసెంతో ఎవరికీ తెలీదు కానీ, పిల్లల్ని సర్కసుల్లో పెట్టకూడదని 2011లో ఇంకో తీర్పు వచ్చింది, నేపాల్ నుంచి కూడా చిన్నపిల్లల్ని తెచ్చి పనిలో పెట్టుకున్న సంగతులు బయటపడ్డాక.

ఇట్లా అంటే సర్కస్ అంటేనే చెడ్డదని కాదు, అక్కడా ఆగాలి. కొర్లగుంట నుంచి మనవణ్ణి తీసుకొచ్చే పెద్దాయన ఒకరున్నారు, మీలో కొందరికి తెలుసు. వయసులో ఉండగా ఒక సర్కస్ కంపెనీలో రెండేళ్లు వంట చేశారంట. ఆయన రెండో స్టేజి చూసి ఒకటే నవ్వు. “ఆ తాడు ఊగట్లేదేం నాయనా?” అన్నారు. లేచి, చెప్పు విప్పి, నా టైల్స్ గీత మీద పాదం వంకరగా పెట్టి, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య తాడు ఎట్లా పట్టాలో చూపించారు. పొద్దున నాలుగున్నరకే లేచి ప్రాక్టీసు చేసే అమ్మాయిలకు ఈయన గంజి కాచి పెట్టేవారంట. కేరళలో తలశ్శేరి దగ్గర కీలేరి కుంఞిక్కణ్ణన్ అనే మాస్టారు 1901లోనే సర్కస్ నేర్పే బడి పెట్టారు, మన దేశపు కంపెనీల్లో పేరున్న ఆటగాళ్లు ఎంతోమంది ఆ ఊరివాళ్లే. గేముల్లో ఇదేమీ ఉండదు. డేరా ఎత్తడం ఉండదు, గంజి ఉండదు, పడితే మూడు లైఫులుంటాయి. మనం కూడా తక్కువ తిన్నామా, లీలామహల్ సర్కిల్లో బండి నడిపి ఇంటికొచ్చి ‘సర్కస్ చేసొచ్చినా’ అంటాం, పక్కోణ్ణి తిట్టాలంటే జోకర్ అంటాం.

జోకర్ అంటే గుర్తొచ్చింది, రెండో కంప్లైంటు దాని మీదే. 1977లో ఎగ్జిడీ అనే కంపెనీ తెచ్చిన ‘సర్కస్’ గేములో ఇద్దరు జోకర్లు తూగుడుబల్ల మీద ఎగిరి బుడగలు పేల్చేవాళ్లు, పాపం అంతకంటే ఏం చేయరు. 1995కు వచ్చేసరికి ట్విస్టెడ్ మెటల్ అనే గేములో స్వీట్ టూత్ అని, ఐస్‌క్రీమ్ బండి నడుపుతూ మనుషుల్ని చంపే జోకర్ తయారయ్యాడు. సర్కస్ వారం కదా అని దాన్నీ ఒక సిస్టంలో పెట్టాను. పెద్ద పిల్లలకని పెట్టినా చిన్నోళ్లు వెనక నిలబడి చూశారు, ఇద్దరు రాత్రి నిద్రపోలేదని వాళ్ల నాన్నలు ఫోన్ చేశారు. నాకు వింతగా అనిపించేది ఏంటంటే, ఇదే పిల్లలు గంగమ్మ జాతరలో సుద్ద, కుంకుమ, బొగ్గు పూసుకున్న మొహాల మధ్య వేపమండలు పట్టుకుని తిరుగుతారు, భయం లేదు. వేషం వెనక ఉండేది పక్కింటి మామ అని తెలుసు కాబట్టేమో. స్క్రీన్ మీద జోకర్ వెనక ఏ మామా లేడు.

ఇప్పుడు ఏం ఉంటుంది, ఏం ఉండదు. ట్విస్టెడ్ మెటల్ తీసేశాను, పద్దెనిమిది దాటినవాళ్లు అడిగితే రాత్రి ఎనిమిది తర్వాత మాత్రమే పెడతాను. చార్లీ ఉంటుంది. అది తీసేయమని ఇద్దరు అడిగారు, తీసేయను, స్క్రీన్ మీద చుక్కలతో గీసిన సింహానికి ఏ నొప్పీ లేదు, నిజం సింహాన్ని ఫోటో పెట్టి అమ్ముకోవడమే నేను చేసిన తప్పు. టోర్నమెంటు మాత్రం మళ్లీ పెట్టను, కొన్న ప్రైజులు మామూలు సండే పోటీలకు వాడేస్తాను. పెద్దాయన వచ్చే ఆదివారం సాయంత్రం ఐదింటికి సెంటర్‌లోనే కూర్చుని సర్కస్ కబుర్లు చెప్తానన్నారు, దానికి టికెట్ లేదు, టీ నాది.

ఫ్లెక్స్ ఏమైందని కూడా అడుగుతున్నారు. పక్కన దోసెల బండి అక్క ఎండకు కప్పుకుంటానంటే ఇచ్చేశాను. బొమ్మ కిందివైపుకు కట్టింది, దోసె తింటూ తలెత్తితే సింహమే. తిప్పి కట్టక్కా అని రెండుసార్లు చెప్పాను, వాన పడేలోపు కడతానంది.