పాలమూరు ఫ్రెంచ్ బ్యాచ్ తరఫున అందరికీ షుక్రియా

ఫ్రాన్స్‌కు పై చదువులకు పోయే పిల్లల కోసం పాలమూరులో నడిచిన ఫ్రెంచ్ క్లాసులు ఈ నెలతోని అయిపోయినయి. పైసా తీసుకోకుండా సాయం చేసినోళ్లు చానామంది. పేర్లు రాయొద్దని వాళ్లే అన్నరు కాబట్టి రాస్తలేం. ఎవరు ఏం నేర్పిండ్రో మాత్రం వివరంగ రాస్తున్నం. ఉత్తగ థ్యాంక్స్ చెప్పి ఊకుంటే వాళ్ల పని ఎవరికీ కనబడది. రేపు జడ్చర్లలోనో నారాయణపేటలోనో ఇంకెవరన్న మొదలుపెడితే వాళ్లకూ పనికొస్తది.

మొదటి సలాం రిటైరైన ఉర్దూ మాస్టర్ సాబ్‌కు. ఆయనకు ఫ్రెంచ్ ఒక్క ముక్క రాదు. అయినా పిల్లల నోరు తిరిగిందంటే ఆయన పుణ్యమే. ఫ్రెంచ్ 'ర' నాలుక కొసతోని పలికేది కాదు, కొండనాలుక దగ్గర పుడుతది. వీడియోల్లో నీళ్లు పుక్కిలించమని చెప్తరు. పుక్కిలిస్తే దగ్గొస్తది గానీ 'ర' రాదు. మాస్టర్ సాబ్ సీదా ఉర్దూ 'గైన్' అక్షరం పట్టించిండ్రు. గరీబ్, గజల్, బాగ్, చిరాగ్ అని మనం తెలుగు 'గ' పెట్టి అనేస్తం. ఉర్దూ తెలిసిన పెద్దలు అనేది వేరు, అందులో గాలి ఎక్కడా ఆగకుండ గొంతును రాసుకుంట పోతది. అది కుదిరినోళ్లకు 'పారీ', 'రూజ్' అనుడు పెద్ద కష్టం కాలేదు. ప, త, క ల వెనక వచ్చే 'ర' ఇంకో తీరు. 'త్రే', 'ప్రీ', 'కాత్ర్' అనేటప్పుడు గొంతు మోగదు, 'ఖబర్'లో ఉండే 'ఖే'కు దగ్గరగ ఉంటది. ఈ తేడా మామూలు పుస్తకాల్లో రాయరు. ఎంతకూ రానోళ్లు మన తెలుగు 'ర' తోనే కానిచ్చినా అక్కడ అర్థం చేసుకుంటరు, దానికోసం నెలల తరబడి కూర్చునే అవసరం లేదు.

ముక్కుతోని పలికే అచ్చులు కూడా ఆయన దగ్గరే. హాఁ, కహాఁ, నహీఁ అని మన బజార్లో పొద్దందాక వినేవే. నోటికి వచ్చినా, పుస్తకం చూసి చదివేటప్పుడు మాత్రం పక్కన 'న్' రాసి ఉందని అది కూడా పలుకుతరు. అక్కడే చెడుతది. 'బోఁ' అంటే 'మంచి' అనే మాటకు పుంలింగ రూపం. 'న్' కలిపి 'బొన్' అంటే అదే మాటకు స్త్రీలింగం. 'సాఁ' అంటే నూరు, 'సేఁక్' అంటే అయిదు. అద్దం ముందర నిలబెట్టి, మొదటిదానికి దవడ కిందికి పోవాలె, రెండోదానికి పెదవులు పక్కలకు సాగాలె అని చూపిచ్చిండ్రు.

రెండో షుక్రియా ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఎంఎస్ చదువుతున్న మన దేవరకద్ర అక్కకు. మనకూ వాళ్లకూ ఎండకాలం మూడున్నర గంటలు, చలికాలం నాలుగున్నర గంటలు తేడా. అయినా ఆదివారం పూట వాట్సాప్‌లో ఆడియోలు ఆపలేదు. తెలుగులో లేని ఒక అచ్చును ఆ ఆడియోలతోనే కుదిర్చింది. నాలుకను 'ఈ' దగ్గరే కదలకుండ ఉంచి, పెదవులను మాత్రం 'ఊ'కు చుట్టాలె. చుట్టంగనే నాలుక కూడా వెనకకు జారిపోతది, అప్పుడు ఉత్త 'ఊ' వస్తది. అందుకే ముందుగాల 'ఈ' అని పొడుగ్గా లాగి, ఆ గొంతు ఆపకుండనే పెదవులు చుట్టాలె. 'ఓ దెస్యు' అంటే పైన, 'ఓ దెసూ' అంటే కింద. ఉన్న తేడా ఆ అచ్చొక్కటే. హాస్టల్‌లో పై గది నుంచి నీళ్లు కారుతున్నయని చెప్పబోయి కింది గది అని చెప్తే ప్లంబర్ అటే పోతడు.

ఇగ అంకెలు. అందరినీ ఏడిపించినవి ఇవే. ఫ్రెంచ్‌లో 70 అంటే అరవై-పది, 80 అంటే నాలుగు-ఇరవైలు, 97 అంటే నాలుగు-ఇరవై-పదిహేడు. బెల్జియం, స్విట్జర్లాండ్ వాళ్లు నయం, 70కి, 90కి వేరే మాటలు పెట్టుకున్నరు. లెక్క అర్థంకాక కాదు తిప్పలు, వినుకుంట రాసేటప్పుడు. ఫ్రాన్స్‌లో ఫోన్ నంబర్ పది అంకెలు, రెండేసి కలిపి అయిదు జతలుగ చెప్తరు. 'స్వసాఁత్' అని వినబడంగనే చెయ్యి 60 రాసేస్తది. దాని వెనకనే 'కేఁజ్' వస్తది. ఆ రెండూ కలిస్తే 75, మన కాగితం మీద 60, 15 అని పడి ఉంటది. అప్పటికి తర్వాతి జత కూడా దాటిపోతది.

అక్క పెట్టిన నియమం ఏందంటే, జత పూర్తయి చిన్న సందు వచ్చేదాంక పెన్ను కాగితానికి తగలొద్దు. మొదట్లో అందరూ వెనకబడ్డరు, తర్వాత చెవికి అలవాటైంది. రాసినంక జతలు లెక్కపెట్టాలె. ఆరు వచ్చినయంటే ఎక్కడో 70లదో 90లదో చీలింది. రెండోసారి ఆడియో వేసినప్పుడు మొత్తం వినకుండ ఆ జత మీదనే చెవి పెట్టాలె. ధరల్లో ఇంకో గుంట ఉన్నది. రెండు యూరోలు 'దొ-జొరో', పన్నెండు యూరోలు 'దూ-జొరో'. నడుమ 'జ' రెండింట్లోనూ వినబడుతది కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు, మొదటి అచ్చునే పట్టుకోవాలె. రైలు ప్రకటనల్లో 24 గంటల లెక్క, మధ్యాహ్నం రెండంటే 14. చేతిరాతలో కూడా చూసుకోవాలె: అక్కడోళ్లు 1 పైన పొడుగు గీత పెడతరు, మనకు 7 లెక్క కొడుతది. వాళ్ల 7కు నడుమ అడ్డగీత ఉంటది.

మైక్‌సెట్ అన్నకు ప్రత్యేకంగ చెప్పాలె. పెండ్లిళ్ల సీజన్‌లో కూడా ఒక స్పీకర్ మా కోసం పక్కన పెట్టిండు. డెల్ఫ్ అంటే ఫ్రెంచ్ ఎంత వచ్చో చూసి ఫ్రాన్స్ సర్కారు తరఫున సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష. అందులో సాధారణంగ గదికంతా కలిపి స్పీకర్లోనే ఆడియో వేస్తరు. ఇంట్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని విన్నోళ్లకు ఆ గుంయ్‌మనే గదిలో సగం మాటలు మాయమైతయి. లైబ్రరీ హాలులో, ఫ్యాన్లు తిరుగుతుంటే, వెనక బెంచీల నుంచి వినిపిచ్చినం. పరీక్ష లెక్క తెలిసినోళ్లకు ఇది ఎందుకంత ముఖ్యమో అర్థమైతది. విను, చదువు, రాయి, మాట్లాడు అని నాలుగు భాగాలు, ఒక్కోదానికి 25. నూటికి 50 వస్తే పాస్. కానీ ఏ ఒక్క భాగంలోనైనా 5 కంటే తక్కువొస్తే మిగతా మూడింట్లో ఎంతొచ్చినా లాభం లేదు. మన దిక్కు పిల్లలు ఆగేది వినే భాగంలోనే. సర్టిఫికెట్ చేతికొస్తే జీవితకాలం చెల్లుతది. టీసీఎఫ్, టెఫ్ అనే వేరే ఫ్రెంచ్ పరీక్షల స్కోర్లకైతే రెండేండ్లే.

రాత నేర్పిన హైదరాబాద్ మేడంకు ఎంత చెప్పినా తక్కువే. ఆమె తప్పును దిద్ది ఇయ్యలేదు. మార్జిన్‌లో గుర్తు మాత్రం పెట్టేవారు: క్రియకు ఒకటి, లింగానికి ఒకటి, బహువచనానికి ఒకటి, అక్షరాల మీది గీతలకు ఒకటి. తప్పు ఎక్కడుందో పిల్లలే వెతుక్కోవాలె. చివరి అయిదు నిమిషాల్లో చూసుకునే వరుస కూడా అదే, ముందు క్రియలు. కారణం ఉన్నది: నేను తింట, నువ్వు తింటవు, వాళ్లు తింటరు అనేవి ఫ్రెంచ్‌లో రాతకు వేరువేరుగున్నా చెవికి ఒక్కతీరుగనే ఉంటయి. విని రాసేటోళ్ల చేతిలో చివరి అక్షరాలు ఎగిరిపోతయి. కర్తను బట్టి క్రియ మారుడు మనకు తెలుగులో పుట్టుకతోనే వస్తది కాబట్టి, ఇంగ్లిష్‌ను పక్కన పెట్టి తెలుగులోంచే వివరిస్తే తొందరగ ఎక్కింది.

పదాల లెక్క కూడా మేడం చెప్పిందే. డెల్ఫ్‌లో కింది నుంచి పైకి ఏ1, ఏ2, బీ1, బీ2 అని నాలుగు స్థాయిలు. ఏ1లో కనీసం 40 పదాల సందేశం, ఏ2లో 60 పదాలవి రెండు, బీ1లో 160, బీ2లో 250. రెండు ఖాళీల నడుమ ఉన్నదంతా ఒక్క పదమే. పైకామా పెట్టి కలిపినా, గీత పెట్టి కలిపినా ఒకటే. వాటిని విడదీసి లెక్కేసుకుంటే 160 అయిందనుకున్నది 145 దగ్గరే ఆగుతది. ఉత్తరంలో 'త్యు', 'వూ' కలగలపొద్దు అని కూడా గట్టిగ చెప్పిండ్రు. నువ్వు, మీరు మనకు తెల్వనివి కావు. కానీ మన దిక్కు పెద్దమనిషిని కూడా ప్రేమతోని నువ్వు అనేస్తం, అక్కడ ప్రొఫెసర్‌ను, ఆఫీసులో మనిషిని, దుకాణపాయనను 'వూ' అనాల్సిందే. ఏది అడిగినా ముందుగాల 'బోఁజూర్'. అది అనకుండ ధర అడిగితే మొహం మాడ్చుకుంటరు.

జిరాక్స్ అన్న మోడల్ పేపర్లకు ఖర్చు మాత్రమే తీసుకున్నడు. ఆ పేపర్లు డెల్ఫ్ నడిపే సంస్థ ఫ్రాన్స్ ఎడ్యుకేషన్ ఇంటర్నేషనల్ వెబ్‌సైట్‌లో ఉచితంగనే ఉన్నయి, ఆడియోతోని సహా. ఎవరికీ పైసలిచ్చి కొనొద్దు. ఆర్.ఎఫ్.ఐ. రేడియోలో సులువు ఫ్రెంచ్ వార్తలు రోజూ పది నిమిషాలు వస్తయి, రాతప్రతి కూడా దొరుకుతది. ఏ2 అయినంక అవి మొదలుపెట్టాలె, అంతకుముందు వింటే నిరాశే. కింది స్థాయి వాళ్లకు టీవీ5 మోండ్ అభ్యాసాలు మంచివి.

ఇన్‌బాక్స్‌లో మస్తుమంది అడుగుతున్నరు కాబట్టి ఒక్కమాట: ఇంగ్లిష్‌లో నడిచే మాస్టర్స్‌కు పోయేటోళ్లకు అక్కడ బతకడానికి ఏ2 ఉంటే చాలావరకు గడుస్తది. ఫ్రెంచ్‌లో నడిచే డిగ్రీకైతే మామూలుగ బీ2 అడుగుతరు, అక్కడిదాంక సుమారు 500 నుంచి 600 గంటల చదువు. ఆర్నెల్లలో చేపిస్తమని చెప్పే సెంటర్లను, రోజుకు ఎన్ని గంటలు అని ముందు అడగండి. డిప్లొమా కాగితం రావడానికి నెలలు పడుతది, పాసైనట్టు ఇచ్చే ధ్రువపత్రం ముందొస్తది. అడ్మిషన్ గడువును దానికి తగ్గట్టు చూసుకోవాలె.

లైబ్రరీ స్టాఫ్‌కు, మూసే టైం దాటినా తాళాలు పట్టుకొని కూర్చున్న అటెండర్ అన్నకు వందనాలు. పేపర్లు, అక్క ఆడియోలున్న పెన్‌డ్రైవ్ అక్కడి బీరువాలో పెట్టినం, అడిగితే ఇస్తరు. కాపీ చేసుకొని వాపస్ ఇయ్యండి.

కొత్త బ్యాచ్‌కు ఒక్కటే తక్కువున్నది. బీ1 మాట్లాడే పరీక్షలో మూడో భాగానికి చీటీ తీసి, పది నిమిషాలు తయారై, అయిదు నుంచి ఏడు నిమిషాల్లో సొంత అభిప్రాయం చెప్పి, పరీక్ష చేసేటోళ్లు అడిగే ప్రశ్నలకు జవాబియ్యాలె. దానికి తయారు చేసేటప్పుడు ఎదురుగ కూర్చున్నోళ్లు కాదని వాదిస్తే మంచిది. తోటి పిల్లలైతే మొహమాటానికి ఒప్పేసుకుంటున్నరు. బీ2 దాటినోళ్లు, ఆదివారం సాయంత్రం ఒక గంట కూర్చొని గట్టిగ వాదించగలిగినోళ్లు ఎవరన్న ఉంటే లైబ్రరీలో చెప్పండి. చాయ్ మాది.