ఆరోగ్య ఉపసంఘం వార్షిక నివేదిక: హెచ్‌ఐవీ పరీక్షలపై అవగాహన

గౌరవ సభ్యులకు నమస్కారం.

బీపీ, షుగరు శిబిరాలతో పాటు కమ్యూనిటీ హాలులోనే హెచ్‌ఐవీ పరీక్షల శిబిరం కూడా పెట్టాలని గత సర్వసభ్య సమావేశంలో కొందరు సభ్యులు కోరారు. ఉపసంఘం ఆ ప్రతిపాదనను పరిశీలించి, వద్దని నిర్ణయించింది. ఎవరిని మళ్లీ లోపలికి పిలిచారో, ఎవరు ఆలస్యంగా బయటికి వచ్చారో వరండాలో కూర్చున్న నలుగురికీ తెలిసిపోయే చోట ఈ పరీక్ష జరగకూడదు. దానికి బదులుగా ప్రభుత్వాసుపత్రి ఐసీటీసీలో (హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రంలో) పనిచేసే కౌన్సెలరు గారిని ఆహ్వానించి, పరీక్ష ఎలా చేస్తారో, ఫలితాన్ని ఎలా అర్థం చేసుకోవాలో సభ్యులకు చెప్పించాము.

ఆమె వెంట తెచ్చిన కిట్‌ను ముందు వరుసలోని వారు చేతిలోకి తీసుకుని చూశారు. వేలి కొసన సూదితో గుచ్చి తీసిన రక్తపు చుక్క వేసిన తర్వాత ‘సి’ అక్షరం దగ్గర గీత తప్పనిసరిగా రావాలి. రాకపోతే ఆ కిట్ చెల్లదు, మరొకదానితో మళ్లీ చేయాలి. ‘టి’ దగ్గర కూడా గీత వస్తే, అది ఎంత పలచగా ఉన్నా, రియాక్టివ్‌గానే, అంటే వైరస్ ఉండవచ్చన్న సూచనగానే లెక్కిస్తారు. అయితే ఆ ఒక్క గీతను చూసి ఎవరికీ హెచ్‌ఐవీ ఉందని చెప్పరు. వేర్వేరు రకాల కిట్లతో చేసిన మూడు పరీక్షలూ రియాక్టివ్‌గా వచ్చినప్పుడే ఐసీటీసీలో పాజిటివ్ అని నిర్ధారిస్తారు, ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగక ఎటూ తేలకపోతే రెండు నుంచి నాలుగు వారాల తర్వాత మళ్లీ రమ్మంటారు. జబ్బు అరుదుగా ఉన్న జనంలో మొదటి పరీక్షలో రియాక్టివ్ వచ్చినవారిలో కొందరికి నిజంగా వైరస్ ఉండదు కాబట్టి ఈ జాగ్రత్త అవసరం. ఒక సభ్యుని బంధువుకు ఒక ప్రైవేటు ల్యాబు ఒకే పరీక్ష చేసి, పాజిటివ్ అని ఫోనులోనే చెప్పేసింది. ఐసీటీసీలో పరీక్ష చేయించుకుని, లేదని తేలేవరకు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

నెగెటివ్ ఫలితం విషయంలో చూడవలసింది తేదీ. కిట్ వెతికేది యాంటీబాడీలను, అంటే వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకునే పదార్థాలను. వైరస్ సోకిన వెంటనే అవి తయారుకావు కాబట్టి, కిట్‌తో చేసే పరీక్షలో నెగెటివ్ అని వచ్చినా, అనుమానం కలిగిన సంఘటన జరిగి మూడు నెలలు నిండిన తర్వాత మరోసారి చేయించుకోవాలి. ఈ మధ్యకాలాన్నే విండో పీరియడ్ అంటారు. సంఘటన జరిగి ఇంకా 72 గంటలు దాటకపోతే ఫలితాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వైద్యులు అవసరమనుకుంటే 28 రోజుల నివారణ మందులు మొదలుపెడతారు.

తల్లికి హెచ్‌ఐవీ ఉంటే బిడ్డ పరీక్ష వేరుగా ఉంటుంది. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు 18 నెలల వరకు బిడ్డ రక్తంలో ఉండవచ్చు. అందుకే ఆరు వారాల వయసులో వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్ష చేస్తారు.

నిర్ధారణ జరిగినవారికి సీడీ4 సంఖ్య (రోగనిరోధక కణాల లెక్క) ఎంత ఉన్నా ఏఆర్‌టీ మందులు (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు) మొదలుపెట్టే విధానం మన దేశంలో 2017 నుంచి అమలులో ఉంది. ఏఆర్‌టీ కేంద్రాల్లో మందులు ఉచితం. మందులు క్రమం తప్పకుండా వాడుతూ వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ పరిమాణం) పరీక్షలో కనిపించని స్థాయికి దిగి, అక్కడే నిలిచి ఉన్నవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా వైరస్ ఇతరులకు సోకదు. ఈ మాట విని సభలో చాలామంది ఆశ్చర్యపోయారు. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు కూడా ఇది తెలిసి ఉండటం మంచిదని ఉపసంఘం అభిప్రాయం.

ఇళ్లలో పనిచేసే వారికీ, వాచ్‌మెన్‌లకూ సంఘం తరఫున ఈ పరీక్ష తప్పనిసరి చేయాలని రాతపూర్వకంగా వచ్చిన వినతిని ఉపసంఘం తిరస్కరించింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చిన 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఉద్యోగం ఇవ్వడానికి గానీ, కొనసాగించడానికి గానీ హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టకూడదు. వ్యక్తి సమ్మతి లేకుండా పరీక్ష చేయడం కూడా చట్టవిరుద్ధం. పైగా కలిసి తినడం వల్లా, అంట్లు తోమడం వల్లా ఈ వైరస్ సోకదు.

ఐసీటీసీలో పరీక్ష ఉచితం కావడంతో ఈ కార్యక్రమానికి మైకు, టీ ఖర్చులే అయ్యాయి. అవి కోశాధికారి లెక్కల్లో ఉన్నాయి. సందేహాలున్నవారు ఉచిత హెల్ప్‌లైన్ 1097కు ఫోను చేయవచ్చు. వచ్చే ఏడాది ఇదే సమావేశాన్ని కాలేజీ పిల్లల కోసం విడిగా, పెద్దలు లేకుండా జరపాలని ఉపసంఘం ప్రతిపాదిస్తూ సభ్యుల ఆమోదం కోరుతోంది.